గోడ మీద నంబరుంది, చేతిలో ఫోన్ లేదు

మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 జూలైలో తేల్చి చెప్పింది. ఆ తీర్పుకు మూలం విశాఖపట్నంలో జరిగిన ఘటన. నీట్ కోచింగ్‌కు వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక అమ్మాయి 2023లో చనిపోయింది. దర్యాప్తు మీద నమ్మకం కుదరక తండ్రి కోర్టు మెట్లెక్కాడు. హైకోర్టు కాదన్నా ఆగలేదు. సుప్రీంకోర్టు కేసును సీబీఐకి అప్పగించి, అంతటితో ఊరుకోకుండా దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా అవే చట్టం. వందమంది, ఆపైన విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. వీలైనంతవరకు మార్కులను బట్టి సెక్షన్లు విడదీయకూడదు. నలుగురిలో అవమానించకూడదు. సహాయ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి.

ఈ చివరి ఆదేశం దగ్గరే నా దిగులు. కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు, పైసా ఖర్చు లేదు. మంచి ఏర్పాటు. కానీ మన ఇంటర్ హాస్టళ్లలో చాలావాటిలో పిల్లల దగ్గర సెల్‌ఫోన్ ఉండనివ్వరు. ఇంటికి ఫోన్ చేయాలన్నా వార్డెన్ దగ్గర వరసలో నిలబడాలి. వెనక మరో పదిమంది చెవులు రిక్కించి ఉంటారు. ‘చదవలేకపోతున్నానమ్మా’ అన్న మాటే అక్కడ గొంతు దాటదు. ఇక ముక్కూ మొహం తెలియని మనిషికి గుండెలో బరువు ఎలా చెప్పుకుంటారు?

కౌన్సెలర్ సంగతీ అంతే. జీతమిచ్చేది యాజమాన్యం. పిల్ల చెప్పుకున్నది సాయంత్రానికల్లా ప్రిన్సిపాల్ గదికి, అక్కణ్నుంచి తండ్రి చెవికి చేరితే ఆ గడప మళ్లీ ఎవరూ తొక్కరు. పాఠం చెప్పే లెక్చరర్‌కే ఈ పని కూడా అప్పగిస్తే మరీ అన్యాయం: మార్కులు వేసే మనిషి ముందు ఏ బిడ్డా మనసు విప్పదు. ప్రాణాపాయం ఉన్నప్పుడు తప్ప విన్నది బయటికి పోదన్న భరోసా ఉండాలి. అందుకే కౌన్సెలర్ల నియామకం, జీతం, జవాబుదారీతనం జిల్లా వైద్యారోగ్య శాఖ కింద ఉండాలంటాను. ఖర్చు కళాశాలల నుంచి వసూలు చేయవచ్చు. లక్షల్లో ఫీజు తీసుకునే సంస్థలకు అదేమీ మోయలేని భారం కాదు.

కౌన్సెలర్ ఒక్కరితో తీరని బాధలూ ఉంటాయి, వాటికి వైద్యుడు కావాలి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మంది రోగులకు చికిత్సే అందలేదు. ‘ఎర్రగడ్డకు పంపాలి’ అని మానసిక వైద్యశాల పేరుతో చేసే ఎగతాళి ఇంకా వినిపించే చోట ఇంట్లోవాళ్లు వైద్యుడి పేరెత్తడానికే జంకుతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఒక గట్టి నిబంధన ఉంది: జిల్లాలో ప్రభుత్వ కనీస సేవలు లేకపోతే, అదే జిల్లాలో మరోచోట పొందిన చికిత్స ఖర్చు ప్రభుత్వమే భరించాలి. ఈ సంగతి అడ్మిషన్ రోజున ప్రతి తల్లికీ తండ్రికీ చెప్పాలి.

కలెక్టర్ అధ్యక్షతన జిల్లా పర్యవేక్షణ కమిటీలు వేయాలని కూడా తీర్పు చెప్పింది. ఆ కమిటీ పగలు వెళ్లి రిజిస్టర్లు తిరగేస్తే చాలదు. రాత్రి స్టడీ అవర్ ముగిశాక హాస్టల్‌కు వెళ్లాలి. తలుపు వేసుకుని మాట్లాడుకోగల ఫోన్ ఎక్కడుందో చూపించమని వార్డెన్‌ను అడగాలి. లేకపోతే ఆ హాస్టల్ అనుమతి ఆపాలి.