చర్మ క్యాన్సర్‌కు ‘కరెంటు’.. ఇచ్చోడ నుంచి ఎన్నిసార్లు వెళ్లాలి?

ముక్కు పక్కన నల్లటి పుండు. పుట్టుమచ్చే అనుకున్నారు, ఏడాదైనా మానలేదు. ముక్క తీసి పరీక్షిస్తే చర్మ క్యాన్సర్ అని తేలింది. మీ ఇంట్లో పెద్దవారికే ఇలా అయి, డాక్టర్ రేడియేషన్ అన్నారనుకోండి. ఇచ్చోడ నుంచి హైదరాబాద్ దాదాపు 270 కిలోమీటర్లు. ‘ఎన్ని రోజులు తిరగాలి?’ అన్నదే మీకు మొదట తట్టే ప్రశ్న.

ఎక్కువగా కనిపించే చర్మ క్యాన్సర్లు బేసల్ సెల్, స్క్వామస్ సెల్. మొదటిది మనవాళ్లలో తరచూ నల్లగా ఉంటుంది, అందుకే మచ్చ అని పొరబడతారు. రెండోది పాత కాలిన గాయం మీదో, ఏళ్లుగా మానని పుండు మీదో కూడా రావచ్చు. రెండింటికీ సాధారణంగా ముందు చెప్పేది ఆపరేషనే. కోస్తే ముఖం రూపు మారే ముక్కు, కనురెప్ప, పెదవి లాంటి చోట్ల, లేదా ఆపరేషన్ తట్టుకోలేని వయసులో రేడియేషన్ వైపు చూస్తారు. వయసులో ఉన్నవారికి మాత్రం వీలైనంతవరకు వద్దంటారు. దశాబ్దాల తర్వాత అదే చోట మరో క్యాన్సర్ వచ్చే ముప్పు ఉంటుంది. మోకాలి కింద చర్మం త్వరగా మానదు కాబట్టి అక్కడా వెనకాడతారు.

ఊళ్లో ‘కరెంటు పెట్టడం’ అంటారు గానీ ఒంటికి కరెంటు తగలదు. ఎక్స్‌రే తీసినట్టే, నొప్పి తెలియదు. యంత్రం నుంచి వచ్చే ఎలక్ట్రాన్ కిరణాలు పైపైనే పనిచేసి లోపలికి పెద్దగా పోవు.

ఇక సిట్టింగ్‌ల సంగతి. వారానికి 5 రోజుల చొప్పున ఆరున్నర వారాలు పట్టే 33 సిట్టింగ్‌ల పద్ధతి ఉంది. 4 వారాల్లో 20 సిట్టింగ్‌లతో ముగించేదీ ఉంది. పుండు చిన్నదై, మనిషి బాగా పెద్దవారైతే 5 సిట్టింగ్‌లతోనూ సరిపెడతారు. సిట్టింగ్‌లు తగ్గితే ఒక్కోసారి ఇచ్చే డోసు పెరుగుతుంది. ఏళ్లు గడిచాక చర్మం తెల్లబడి, పలచబడే అవకాశమూ ఎక్కువే. 80 దాటినవారికి అది పెద్ద లెక్క కాదు, 60ల్లో ఉన్నవారు ఆలోచించాలి. అందుకే ‘ఇచ్చోడ నుంచి రావాలి, తక్కువ సిట్టింగ్‌లు కుదురుతాయా?’ అని మొదటిరోజే అడిగేయండి. మొహమాటపడి, మధ్యలో మానేయడం అన్నిటికన్నా నష్టం. మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయి, అదే చోట రెండోసారి పూర్తి డోసు ఇవ్వడం కష్టం.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచారు. తోడు వెళ్లేవారు పోగొట్టుకునే కూలి మాత్రం ఏ కార్డులోనూ రాదు. రేషన్ కార్డు, ఆధార్‌తో పాటు ముక్క పరీక్ష రిపోర్టు, స్లైడ్లు, మైనపు బ్లాకు కూడా పట్టుకెళ్లండి. అవి లేక మరో ట్రిప్పు తిరిగే పని తప్పుతుంది.

చికిత్స అయిపోయి ఇంటికొచ్చాక ఒకట్రెండు వారాలు పుండు ఇంకా ఎర్రబడి, చెక్కు కడుతుంది. వికటించిందని కంగారుపడి పసర్లు, పసుపు పూయకండి. సాధారణంగా నెల, నెలన్నరలో మానుతుంది. చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కు చూపించండి.