లంకలోని టముకు



2017 డిసెంబరు 27వ తేదీని రాష్ట్రపతి రామనాథ్ కోవిందుగారు ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించిరి. కరెంటుస్తంభముల వెంబడి వచ్చు నొక్క తీగతో టెలివిజను, టెలిఫోను, ఇంటర్నెట్టు మూడును ఇల్లు చేరుట నేడు ఏలూరు, తాడేపల్లిగూడెముల వారికి వింత కాదు. "వైఫై పాస్‌వర్డు చెప్పుదురా, వదినగారూ?" అని పొరుగువారడుగుటయు, కాఫీపొడి చేబదులడుగుటవలె మామూలైనది. ఆ మాటతో మనమేమేమి యిచ్చుచున్నామో తెలిసి యిచ్చుట మేలు.

తీగ చేరిన పెట్టెను రౌటరందురు. ఇంటిలోని ప్రతి యంత్రమునకు అది యొక సంఖ్యను గడువుతో అద్దెకిచ్చును. ఆ సంఖ్య మారవచ్చును గనుక యంత్రములు పేరుపెట్టి వెదకుకొనును. ఫోను టముకు వేసినట్లు, "ఇచట ప్రింటరెవరు?" అని యందరును వినునట్లు కేకవేయును. ప్రింటరు తన పేరును, సంఖ్యను చెప్పి "నేనున్నా"ననును. ఆపిల్ సంస్థవారు 2002లో వాడుకలోనికి తెచ్చిన యీ పద్ధతి 2013లో ప్రమాణముగా ప్రకటింపబడెను. కొల్లేటిలో ఒక లంకలో వేసిన టముకు వేరొక లంకకు వినబడనట్లే, యీ కేక సాధారణముగా రౌటరు దాటదు. కావుననే ఏలూరి కంప్యూటరు తాడేపల్లిగూడెమునందలి అక్కగారింటి ప్రింటరును కనుగొనజాలదు.

అయితే పాస్‌వర్డు పొందినవారు పడవ యెక్కి మన లంకకు వచ్చినవారే. పెండ్లిఫొటోల ఫోల్డరును పిల్లల సౌకర్యమునకని తాళము లేక పంచియుంచినచో, పక్కవాటాలోని కుర్రవాడు గోడ కవతలనుండియే చూడగలడు. అంతేకాదు, కొన్ని ఫోనులు ఇంటి ఆడపిల్ల పేరునే చాటుచుండును. సెట్టింగులలో ఆ పేరు మార్చుట రెండు నిమిషముల పని. మా కంప్యూటరు పేరు కొల్లేటికొంగ. మావారు నవ్విరి గాని, పేరు మార్చలేదు.

విండోస్ కంప్యూటరులో ఇంటి నెట్‌వర్కును 'ప్రైవేటు' అనియు, రైల్వేస్టేషను వంటి చోట్ల 'పబ్లిక్' అనియు నిర్ణయింపుడు. పబ్లిక్ అన్నచో యంత్రము అపరిచితుల కేకకు బదులు పలుకదు. పంచిన ఫోల్డరునకు పాస్‌వర్డు పెట్టుడు. పొరుగువారిని కాదనుట నాకును ఇష్టము లేదు. చాల రౌటర్లలో 'గెస్ట్' వైఫై యని వేరొకటి గలదు. దాని పాస్‌వర్డును నిండుమనస్సుతో నిండు. దానినుండి మన ప్రింటరు కనబడకుండుట యంత్రదోషము కాదు. అచ్చు కావలసిన బంధువులను కాగితము మన ఫోనునకు పంపుమనుడు.