ధ్రువ వాయువుల ఋతుచక్రం: వ్యవసాయ పరిశోధన నేర్వవలసిన పాఠం

గాలిలోని ఒక వాయువును అనుకూలమైన ఋతువులో మాత్రమే కొలిచి, ఆ ఫలితాన్ని సంవత్సరమంతటికీ అన్వయించడం పరిశోధనలో తరచుగా జరిగే పొరపాటు. అది ఎంతటి అపోహకు దారితీయగలదో ధ్రువప్రాంతాల గాలి స్పష్టంగా చూపుతున్నది. అక్కడ అతి స్వల్ప పరిమాణంలో ఉండే కొన్ని వాయువుల అణువులు ఒకదానితో ఒకటి చేరి, ఒకటి రెండు నానోమీటర్ల రేణువులుగా మారతాయి. అవి సుమారు 50 నుంచి 100 నానోమీటర్ల వరకు పెరిగితే నీటి ఆవిరి వాటిపై చేరి మేఘబిందువులు ఏర్పడతాయి. స్వచ్ఛమైన ధ్రువపు గాలిలో ఇటువంటి బీజాలు తక్కువ. కనుక వాటి సంఖ్యలో కొద్దిపాటి మార్పు కూడా మేఘాల స్వభావాన్ని, మంచు కరిగే తీరును ప్రభావితం చేయగలదు.

ఉత్తర ధ్రువ సముద్ర మధ్యభాగంలో ఇటువంటి పరిశీలనలు చాలాకాలం నౌకలు చేరగలిగే వేసవి నెలలకే ప్రధానంగా పరిమితమయ్యాయి. 2019 సెప్టెంబరు నుంచి 2020 అక్టోబరు వరకు సాగిన మొజాయిక్ యాత్ర ఆ లోటును పూరించింది. జర్మనీకి చెందిన పోలార్‌స్టెర్న్ నౌక మంచుతో పాటు కదులుతూ, 80 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైన మూడు వాయువులను నిరంతరాయంగా కొలిచింది. వాటిలో సల్ఫ్యూరిక్ ఆమ్లానికి సహజ మూలాలు ఉన్నప్పటికీ, దిగువ అక్షాంశాల నుంచి చేరే పారిశ్రామిక కాలుష్యమే ప్రధాన కారణమని తేలింది. మీథేన్ సల్ఫోనిక్ ఆమ్లం సముద్రంలోని వృక్షప్లవకాల నుంచి వెలువడే డైమిథైల్ సల్ఫైడ్ ద్వారా ఏర్పడుతుంది. ధ్రువరాత్రితో పోలిస్తే ధ్రువదినంలో దాని గాఢత సుమారు పది రెట్లు ఎక్కువ. సముద్రజలంలో పత్రహరితం అత్యధికంగా ఉండే మే నెలలోనే అది కూడా శిఖరస్థాయిని చేరింది. అయోడిక్ ఆమ్లం వసంతంలో ఒకసారి, శరత్తులో కొంత తక్కువగా మరొకసారి పెరిగింది. సూర్యరశ్మి, సముద్రపు మంచు స్థితి రెండూ దానిని శాసిస్తున్నాయి. కేవలం జూలైలో కొలిచిన శాస్త్రవేత్తకు ఈ శిఖరాలలో ఒక్కటైనా కనిపించదు.

వాయువు అధికంగా ఉన్నంత మాత్రాన కొత్త రేణువులు పుడతాయని కూడా భావించరాదు. శీతాకాలాంతంలో ధ్రువప్రాంతాన్ని కమ్మే కాలుష్యపు మసకలో పాత రేణువులు దట్టంగా ఉంటాయి. దట్టమైన పైరు కింద కలుపు మొలక ఎదగలేనట్లు, ఆ పాత రేణువులు ఆవిరులను తమవైపు లాగివేయడంతో కొత్తవి నిలదొక్కుకోలేవు. వేసవి తుంపరలు గాలిని కడిగిన తరువాత, తక్కువ ఆవిరులతోనే కొత్త రేణువులు పుట్టగలవు.

వ్యవసాయ శాస్త్రానికి సుపరిచితమైన అమ్మోనియా పాత్ర ఇక్కడే ముఖ్యమవుతుంది. యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాలలో జరిగిన క్లౌడ్ ప్రయోగాల ఫలితాలు 2011లో వెలువడ్డాయి. లక్ష కోట్ల భాగాల గాలిలో 100 భాగాలు, అంతకన్నా తక్కువ అమ్మోనియా ఉన్నా, సల్ఫ్యూరిక్ ఆమ్లం నుంచి రేణువులు పుట్టే వేగం 100 నుంచి 1000 రెట్లకు పైగా పెరుగుతుందని అవి నిరూపించాయి. 2023 వేసవిలో అంటార్కిటికాలోని మరాంబియో స్థావరం వద్ద ఇదే ప్రభావం ఆరుబయట కనిపించింది. పెంగ్విన్ల ఆవాసం వైపు నుంచి గాలి వీచినపుడు అమ్మోనియా సాధారణ స్థాయికన్నా 1000 రెట్లకు పైగా పెరిగింది. పక్షులు వలస వెళ్లిన తరువాత కూడా నేలపై మిగిలిన రెట్ట నుంచి అది వెలువడుతూనే ఉంది.

దీనిని బట్టి గోదావరి డెల్టా పొలాల్లోని అమ్మోనియా ధ్రువాలకు చేరుతున్నదని తీర్మానించడం అశాస్త్రీయం. ఆ వాయువు గాలిలో కొన్ని గంటలు మొదలు కొద్ది రోజులు మాత్రమే నిలుస్తుంది. అయితే రసాయన సూత్రం రెండు చోట్లా ఒక్కటే. మాగాణి వరిలో నాచు పగటివేళ బొగ్గుపులుసు వాయువును వాడుకోవడంతో నీటి ఉదజని సూచిక పెరుగుతుంది. అప్పుడు నిలువ నీటిలో చల్లిన యూరియాలోని నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. రైతుకు అది డబ్బు నష్టం; గాలికి అది రేణువుల ముడిసరుకు. మన పరిశోధన మొదటి లెక్కను శ్రద్ధగా రాస్తున్నది, రెండవదాన్ని అంతగా పట్టించుకోవడం లేదు.

ఈ లోపాన్ని సవరించడానికి మూడు చర్యలు అవసరం. మొదటిది, పైపాటు వేసిన తరువాతి కొద్ది రోజులకే పరిమితం కాకుండా ఖరీఫ్, రబీ, వేసవి అంతటా పొలం గాలిలో అమ్మోనియాను కొలవాలి. రెండవది, విస్తరణ సందేశంలో స్పష్టత ఉండాలి. 2015లో తప్పనిసరి చేసిన వేపపూత ప్రధానంగా నత్రీకరణ వేగాన్ని తగ్గించడానికి ఉద్దేశించినది. దానిని అమ్మోనియా నష్టానికి మందుగా చెప్పరాదు. నీరు తీసివేసి బురద పదునులో యూరియా చల్లి, 36 నుంచి 48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టాలన్న పాత సిఫారసుకు ఇది మరింత బలం చేకూరుస్తుంది. మూడవది, వ్యవసాయ వాతావరణ శాస్త్ర బోధనలో వాయువు నుంచి రేణువు వరకు సాగే క్రమానికి చోటు కల్పించాలి.

భారతదేశం 2008లో స్వాల్‌బార్డ్‌లో హిమాద్రి కేంద్రాన్ని ప్రారంభించింది. తొలి శీతాకాల యాత్రను అక్కడికి పంపినది మాత్రం 2023 డిసెంబరులోనే. చీకటి నెలల్లోనూ కొలవవలసిన అవసరాన్ని ధ్రువ పరిశోధన గుర్తించింది. పొలం గట్టుపై ఏడాది పొడవునా కొలవడానికి అంతటి సాహసం అక్కరలేదు. సంకల్పం ఉంటే చాలు.