తెర మీద కల్లు... కాంపౌండులో కల్లు!

కొనకనమిట్ల నుంచి ఒక తమ్ముడు ఉత్తరం రాశాడు. "అన్నా! మీరు స్టూడియోలు చూశారు, షూటింగులు చూశారు, హీరోల ఇళ్ళు చూశారు. హైదరాబాదులో కల్లు కాంపౌండు ఎప్పుడైనా చూశారా? సినిమాల్లో చూపించినట్టే ఉంటుందా?" అని.

తమ్ముడూ, నీదీ నాదీ ఒకే ఊరు. ఊరివాడు అడిగితే కాదనగలనా? పైగా సికింద్రాబాదు వైపు ఒక పాత కాంపౌండులో మా బాబాయి రోజూ సాయంత్రం కూర్చుంటాడని నాకు తెలుసు. ఊళ్ళో వానల్లేక, పైరు ఎండి, ఇరవయ్యేళ్ళ కిందట తాపీ చేతబట్టుకుని పట్నం వచ్చిన మేస్త్రీ ఆయన. పోయిన ఆదివారం ఆయన్ని వెతుక్కుంటూ బయల్దేరాను.

మన హీరోగారు ఈమధ్య పరిచయమయ్యేది ఎక్కడ? పబ్బులో! రంగురంగుల లైట్లు, చెవులు చిల్లులుపడే సంగీతం, వెనక ఇరవైమంది డాన్సర్లు... మన కుర్రాళ్ళు అసలు పబ్బు గుమ్మం తొక్కాలంటే ఎన్ని అడ్డంకులో! జంటగా రావాలి, చెప్పులేసుకు రాకూడదు, జేబు బరువుగా ఉండాలి. అన్నట్టు, పబ్ అంటే పబ్లిక్ హౌస్. ఇంగ్లాండులో పేటకొకటి ఉండి, పనయిపోయిన మనుషులు కాసేపు కూర్చుని కబుర్లాడుకునే చోటు అది. ఆ లెక్కన హైదరాబాదుకి అసలైన పబ్బు జూబ్లీహిల్స్‌లో లేదు. కల్లు కాంపౌండే ఇక్కడి పబ్బు!

దీని చరిత్ర చిన్నదేం కాదు. నిజాం రోజుల్లో వీటిని సేంధీఖానాలనేవారు. సేంధీ అంటే ఈతకల్లు. సర్కారు ఖజానాకి ఆబ్కారీ రాబడి పెద్ద దన్ను. పాతబస్తీలో తాడ్‌బన్ అని ఒక పేట ఉంది. ఉర్దూలో తాడ్ అంటే తాటిచెట్టు, బన్ అంటే వనం. వనం పోయింది, పేరు మిగిలింది. 2004లో హైదరాబాదులో కల్లు దుకాణాలన్నీ మూయించారు. తెలంగాణ వచ్చాక 2014లో మళ్ళీ తలుపులు తెరిచారు.

ఇంతకీ లోపల ఏముందంటారా? చుట్టూ ఎత్తు గోడ, పైన రేకుల షెడ్లు, కింద అరిగిపోయిన బల్లలు. గేటు పక్కనే గంపలు పెట్టుకుని ఆడవాళ్ళు గుడాలు, ఉడికిన గుడ్లు, వేయించిన చేపలు, బోటీ అమ్ముతున్నారు. మషాళా ఘాటుకి నాకు తుమ్ములు ఆగలేదు. ఆటో డ్రైవర్లు, హమాలీలు, చెప్పులు కుట్టే తాత, పెయింటర్లు... అందరూ పక్కపక్కనే. ఇంకో విశేషం చెబితే మన కొనకనమిట్లలో నమ్మరు. నడివయసు ఆడవాళ్ళు నలుగురు దర్జాగా ఒక బల్ల చుట్టూ కూర్చుని, కోడళ్ళ మీద చాడీలు చెప్పుకుంటూ సీసాలు ఖాళీ చేస్తున్నారు. వాళ్ళని వింతగా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇక్కడ నాకు 2023లో వచ్చిన 'దసరా' గుర్తొచ్చింది. అందులో సిల్క్ బార్ ఉంది చూశారూ, దాని గడప లోపల ఎవరు కూర్చోవాలి, ఎవరు బయటే ఆగాలి అనేది కులాన్ని బట్టి ఉంటుంది. నాని పరుగులూ, కీర్తి సురేష్ నటనా మెచ్చుకున్న మనం ఆ గడప సంగతి ఎంతమందిమి ఆలోచించాం? నేను చూసిన కాంపౌండులో మాత్రం నీదే కులమని ఎవరూ అడగలేదు. పల్లెలో ఒకే గ్లాసు ముట్టుకోనివ్వని మనుషుల్ని పట్నం ఒకే బల్ల మీద కూర్చోబెట్టింది. ఇది మెచ్చుకోవాల్సిందే.

"ఏరా అబ్బయ్యా, నువ్వేంది ఈడ?" అంటూ బాబాయి చేయి ఊపాడు. ఊపినప్పుడు చూశాను. ఆ చేయి వణుకుతోంది. గోడకి తూకంగుండు పట్టి ఇటుక మీద ఇటుక పేర్చిన చేయి! ఒక సీసా లోపలికి వెళ్ళాక వణుకు ఆగింది.

"రుచి చూడరా" అని నాకొకటి జరిపాడు. చూశాను. ఊళ్ళో చిన్నప్పుడు ముంతలో తాగిన తాటికల్లు పులుపు నాకు తెలుసు. ఆ వాసనా తెలుసు. ఇది అది కాదు. ముందు తీపి, ఆ తరవాత నాలిక మీద మందుబిళ్ళ చేదు.

పక్క బల్ల మీద ఒకప్పుడు చెట్లెక్కిన పెద్దాయన ఉన్నాడు. మోకు కట్టిన నడుము ఇప్పుడు వంగిపోయింది. నా మొహం చూసి నవ్వాడు. "చెట్టుకు ఒక కాలం ఉంటది సార్. ఎండకాలం ఒక తీరు, వానకాలం ఒక తీరు పారుతది. గీ సీసకు కాలం లేదు. ఎప్పుడొచ్చినా ఉంటది, ఎంతమంది వచ్చినా సరిపోతది. గిన్ని చెట్లు పట్నంల ఏడున్నయ్?"

అసలు సంగతి అదీ! తెల్లవారుజామున దింపిన కల్లు గంటల్లో పులుస్తుంది, మర్నాటికి పనికిరాదు. పులవకుండా తియ్యగా ఉన్నది నీరా. దానికోసం 2023లో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ కూడా తెరిచారు. కానీ లక్షలమంది ఉన్న ఊరికి చాలినంత కల్లు ఏ చెట్లిస్తాయి? అందుకే నీళ్ళు, శాకరిన్, వాటిలో మత్తుకి క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, అల్ప్రాజోలం. ఇవి నిద్రకీ ఆందోళనకీ డాక్టరు కొలిచి ఇచ్చే మందులు. ఇక్కడ కొలిచేవాడెవరు? 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు చనిపోయారు. పోయినవాళ్ళు బాబాయిలాంటి కూలీనాలీ జనమే.

తాగితే ఒక ప్రమాదం, హఠాత్తుగా మానేస్తే ఇంకో ప్రమాదం. 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ మీద దాడులు చేస్తే, కల్లు దొరకని వాళ్ళు వణుకులతో, ఫిట్సుతో ఆస్పత్రుల పాలయ్యారు.

"అన్న కూతురి పెళ్ళికి ఎందుకు ఉండలేదు బాబాయ్? తాళి కట్టకముందే బస్సెక్కేశావంట!" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"రెండోరోజుకే కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయిరా. గాలి సోకిందని మీ పిన్ని తాయెత్తు కట్టించింది. నాకు తెలుసు అదేందో. ఊళ్ళో రెండు రోజులకంటే ఉండలేనురా అబ్బయ్యా" అన్నాడు.

పొట్ట కోసం ఊరు వదిలిన మనిషిని ఈ సీసా ఇప్పుడు ఊరికి పోనివ్వడం లేదు. ఇది ఏ సినిమాలోనూ చూడలేదు నేను.

తెర మీద మనం చూసిన తాగుడు వేరు. 1953లో 'దేవదాసు'గా అక్కినేని తూలుతుంటే జనం కుళ్ళికుళ్ళి ఏడ్చారు. ఆయన తాగింది ఏమిటో తెలుసా? ఏమీ లేదు! రాత్రిపూట షూటింగు పెట్టించుకుని, కడుపునిండా పెరుగన్నం తిని కెమెరా ముందుకొచ్చేవారు. ఆ నిద్రమత్తే మనకి కల్లుమత్తుగా కనిపించింది. ప్యాకప్ చెప్పాక ఆయన ఇంటికెళ్ళి పడుకున్నారు. మా బాబాయికి ప్యాకప్ చెప్పేవాళ్ళు లేరు.

మన పక్క జిల్లా నెల్లూరులో, దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ కథలు చెబుతూ పెంచిన అమ్మ కొడుకుని నేను. అయినా కాంపౌండుని కూల్చెయ్యమని రాయలేను. ఆ బల్లలు పోతే హమాలీకి సాయంత్రం కూర్చునే చోటేది? కూర్చునే చోటు ఉండాలి, సీసాలో విషం ఉండకూడదు. ఈ రెండూ ఒకేసారి అడగాలి మనం.

సోమవారం బాబాయిని ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి తీసుకెళ్ళాను. "పిచ్చాస్పత్రికా?" అని దారంతా తిట్టాడు. అక్కడి డాక్టరు, ఒక్కసారిగా మానెయ్యొద్దని, మందులిస్తూ మెల్లమెల్లగా మోతాదు తగ్గించుకుంటూ రావాలని చెప్పాడు. బయటికొచ్చి టీ తాగుతూ బాబాయి అడిగిన మొదటి మాట: "సంక్రాంతికి ఎన్నాళ్ళుందిరా?"

తమ్ముడూ! నువ్వడిగినదానికి జవాబు ఇది. సినిమాల్లో చూపించినట్టు ఉండదు. రేపు పట్నం వస్తావు కదా, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో నిన్నూ ఆ బల్ల దగ్గరికి పిలుస్తారు. వెళ్ళు, కూర్చో, గుడాలు తిను, నలుగురి కష్టసుఖాలు విను. సీసా దగ్గరికొచ్చేసరికి మాత్రం మా బాబాయి చేయి గుర్తు తెచ్చుకో.

సంక్రాంతికి ఆయన ఊరొస్తే, మూడోరోజు కూడా ఉన్నాడో లేదో చూసి నాకో కార్డు ముక్క రాయి!