నీటి పరీక్షకు లేఅవుట్ అనుమతి దేనికి?

హైదరాబాదు దక్షిణపు అంచున షాహీన్‌నగర్, జల్‌పల్లి, పహాడీషరీఫ్ పరిసరాలలో నివసిస్తున్న మన కుటుంబాలలో అనేకం పాతనగరపు అద్దెలు భరించలేక తరలిపోయినవే. నోటరీ కాగితం మీద అరవై గజాలు కొని ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంటికి కరెంటు మీటరు వచ్చింది, పన్ను రశీదు వచ్చింది, ఓటరు జాబితాలో పేరూ చేరింది. మంచినీటి పైపు అడిగినప్పుడే అది అనుమతి లేని లేఅవుట్ అన్న సంగతి అధికారులకు జ్ఞాపకం వస్తుంది!

పైపు రానిచోట బోరే దిక్కు. చేరువలోని కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం మితిమీరి ఉన్నట్లు జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు చాలా ఏళ్ళ క్రితమే తేల్చారు. మురుగు కాలువలు లేని బస్తీలలో సెప్టిక్ ట్యాంకుల నుండి నైట్రేటు భూగర్భజలంలోకి దిగుతుంది. త్రాగునీటిలో లీటరుకు నైట్రేటు 45 మిల్లీగ్రాములు, సీసం 0.01 మిల్లీగ్రాము మించరాదని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశం. కాచి త్రాగిస్తున్నాము గదా అని తల్లులు ధైర్యం చెప్పుకుంటారు. కాచితే క్రిములు చస్తాయి గాని సీసమూ, నైట్రేటూ పోవు. స్తోమత గలవారు ఇరవై లీటర్ల క్యాను కొనుక్కుంటారు. ఆ ప్లాంటు నీటిని ఎవరు, ఎప్పుడు పరీక్షించారని అడగవలసిన నాయకుడే ఒక్కొక్కచోట ప్లాంటుకు యజమాని!

కాలుష్యం లేని నీరు 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో భాగమని సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ఆ అధికరణంలో లేఅవుట్ ప్రస్తావన ఎక్కడా లేదు. 74వ రాజ్యాంగ సవరణ నీటి సరఫరాను పురపాలక సంఘాల విధులలో చేర్చింది.

అయినను మన పెద్దలు ఎమ్మెల్యే ఇంటికి వెళ్ళి, చాయ్ త్రాగి, హామీ పుచ్చుకుని తిరిగివస్తారు. ప్రభుత్వ కార్యాలయంలో జీవితకాలం ఫైళ్ళు నడిపినవాడిగా చెబుతున్నాను: నోటిమాట ఫిర్యాదుకు ఫైలుండదు, ఫైలు లేని సమస్యకు బడ్జెటులో పద్దు ఉండదు. ప్రతి మస్జిద్ కమిటీ తన వీధి బోర్ల నీటిని పరీక్షించాలని పురపాలక కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవాలి. అవే బోర్ల నీళ్ళు త్రాగే దళిత, వలస కుటుంబాల సంతకాలూ అందులో ఉండాలి. మా వార్డులో చివరిసారి నీటిని ఎన్నడు పరీక్షించారు, ఫలితమేమి అని పది రూపాయల రుసుముతో సమాచార హక్కు క్రింద వేరుగా అడగాలి. ముప్పై రోజులలో జవాబు ఇచ్చితీరాలి. పరీక్షే జరగలేదని జవాబు వచ్చినా, అది జిల్లా కలెక్టరు ముందు పెట్టదగిన కాగితమే.