పుస్తకమా, అంతర్జాలమా?

కంప్యూటరు భాషను నేర్వదలచిన విద్యార్థికి పుస్తకం మేలా, అంతర్జాలం మేలా అన్న చర్చ నేడు తరగతి గదులలో తరచుగా వినవస్తున్నది. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాలలో తెలుగు, ఉర్దూ మాధ్యమాలలో చదివి వచ్చిన మనకు ఇది కేవలం అభిరుచికి సంబంధించిన ప్రశ్న కాదు. కొద్దిపాటి ధనాన్నీ, అంతకంటె విలువైన కాలాన్నీ ఎక్కడ వెచ్చించాలన్న ప్రశ్న.

పుస్తకానికి గల ప్రథమ గుణం క్రమం. కెర్నిహాన్, రిచీ 1978లో వెలువరించిన ‘ది సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’ మూడు వందల పుటలకు మించదు. అయినను చిన్న ప్రోగ్రాముతో ఆరంభించి, నడుమ అభ్యాసాలిస్తూ, పాఠకుని మెట్టు వెంట మెట్టు ఎక్కిస్తుంది. ఎక్కడ మొదలిడాలో తెలియని విద్యార్థికి ఆ క్రమమే గురువు.

అయితే పుస్తకానికీ వార్ధక్యం తప్పదు. 2008లో పైథాన్ మూడవ రూపం వెలువడినప్పుడు ‘ప్రింట్’ ఆదేశానికి కుండలీకరణాలు తప్పనిసరి అయినవి. పాత పుస్తకం చూచి యథాతథంగా వ్రాసిన వానికి మొదటి పంక్తిలోనే దోషం ఎదురవుతుంది. పాతబడినది పుస్తకమని ఎరుగక, తన బుద్ధియే మందమని అతడు కుంగిపోవడం ఎంత అన్యాయం! అట్టి వేళ అంతర్జాలమే శరణ్యం. బొంబాయి ఐ.ఐ.టి. వారి ‘స్పోకెన్ ట్యుటోరియల్’ పాఠాలు తెలుగులోనూ లభించడం మన బోంట్లకు గొప్ప ఊరట.

కాని అంతర్జాలంలో పాఠం వెంట పాఠం చూస్తూ పోతే, చూచినదంతా వచ్చినదేనన్న భ్రమ కలుగుతుంది. సాగర్ కుడికాలువ గట్టున నిలిచి చూచినంత మాత్రాన ఈత వస్తుందా? పైగా ఇంటికంతటికీ ఒకే ఫోను ఉండి, అదీ తండ్రి వెంట పనికి పోయే కుటుంబాలు మనలో లేకపోలేదు.

కనుక మా అభిప్రాయమిది: ఒక మంచి పుస్తకాన్ని ఎన్నుకొని తుదివరకూ చదవాలి. ప్రతి అభ్యాసాన్నీ స్వహస్తంతో వ్రాసి నడిపి చూడాలి. సందేహం తీరనప్పుడు, పుస్తకం పాతబడినప్పుడు అంతర్జాలాన్ని ఆశ్రయించాలి.

కళాశాల కమిటీ వారికి మా మనవి రెండు మాటలు. గ్రంథాలయంలోని కంప్యూటరు పుస్తకాల ముద్రణ సంవత్సరాలను పరిశీలించి, కాలం చెల్లిన వాటి స్థానంలో కొత్తవి తెప్పించండి. పైథాన్ అధికారిక గ్రంథసామగ్రి అంతా ఉచితంగా దింపుకొనవచ్చును. దానిని ప్రయోగశాల యంత్రాలలో భద్రపరచి, సాయంకాలం మరొక గంట తలుపులు తెరచి ఉంచండి. అప్పుడు చేతిలో ఫోను లేని విద్యార్థి సైతం తక్కినవారితో సమానంగా నేర్వగలడు.