పై పోర్షన్ లెక్కలు

మా ఓనర్ ఆంటీ పోయిన ఆదివారం పైకి వచ్చారు. మోకాళ్ల నొప్పులతో ఆమె మెట్లెక్కడం ఈ నాలుగేళ్లలో నేను చూసింది రెండోసారి. ‘‘బాబూ, ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేస్తున్నాం. దసరా లోపు ఖాళీ చెయ్యాలి’’ అన్నారు. నా మొహం చూసి, ‘‘నీకు ఫ్లాట్ కావాలంటే చెప్పు, బిల్డర్‌తో నేను మాట్లాడతా’’ అని కూడా అన్నారు.

కవాడిగూడలో మాది పై పోర్షన్. రెండు గదులు, ముందు వరండా, అద్దె 15 వేలు. ఆఫీసేమో మాదాపూర్‌లో. అంత దూరం నుంచి ఎందుకురా అని టీమ్‌లో అందరూ అడుగుతారు. సుదర్శన్‌లోనో సంధ్యలోనో సెకండ్ షో చూసి నడిచి ఇంటికి రావచ్చు. త్యాగరాయ గానసభలో ఏ సాయంత్రమైనా ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది. వెళ్లి వెనక వరుసలో కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. అశోక్‌నగర్ టీ కొట్టు దగ్గర నిలబడితే గ్రూప్స్ చదివే కుర్రాళ్లు రాజ్యాంగం ఆర్టికల్స్ మీద కొట్టుకుంటుంటారు. అక్కడ విన్నదాంతో నేను ఆఫీసు క్విజ్‌లో ఒకసారి గెలిచా కూడా.

బ్రోచర్‌లో ఇవేవీ లేవు. 2020లో వచ్చిన చిక్కడపల్లి మెట్రో ఉంది, 2023 ఆగస్టులో తెరిచిన ఇందిరాపార్కు–వీఎస్టీ స్టీల్ బ్రిడ్జి ఉంది. అదే నెలలో కోకాపేట వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. ఎక్కడి కోకాపేట, ఎక్కడి కవాడిగూడ! అయినా మా బిల్డర్ మాటల్లో రెండుసార్లు ఆ పేరు వచ్చింది.

1200 చదరపు అడుగుల ఫ్లాట్ 80 లక్షలట. నాకు అర్థం కానిది ఒక్కటే. భూమికి ఆయన రూపాయి కట్టలేదు కదా, అంత రేటెందుకు? ఎక్సెల్ తెరిచి కూర్చుంటే తేలింది. స్థలం 400 గజాలు. కింద స్టిల్ట్ పార్కింగ్, పైన నాలుగంతస్తులు, మొత్తం ఎనిమిది ఫ్లాట్లు. నాలుగు ఆంటీవాళ్లకి, నాలుగు బిల్డర్‌కి. కట్టే ఖర్చు ఎనిమిదింటికీ ఆయనదే, అమ్ముకునేవి నాలుగే. అంటే నేను కొనే ప్రతి గోడ వెనక ఆంటీవాళ్ల గోడ ఒకటి ఉంది, దాని ఖర్చు కూడా నాదే. భూమి రేటు అలా సిమెంటు వేషం వేసుకొని వస్తుంది. బదులుగా నా పేరు మీద పడేది విడదీయని వాటా కింద 50 గజాలు.

నిర్మాణంలో ఉండగా కొంటే జీఎస్టీ 5 శాతం, రిజిస్ట్రేషన్‌కి 7.5 శాతం. ఈ రెండే 10 లక్షలు. 60 లక్షల లోన్ 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లు పెడితే ఈఎంఐ 52 వేలు దాటుతోంది. 15 వేల అద్దె పక్కన ఆ అంకె రాసి చూసుకున్నా. తర్వాత లేచి మంచినీళ్లు తాగా.

ఇల్లు కూలుస్తారంటే నాకు బాధగానే ఉంది. కానీ ఆ బాధ చాలా చవక. వానొస్తే వంటగదిలో బకెట్ పెట్టేది ఆంటీ. రాత్రి బాత్రూమ్‌కి వరండా దాటి వెళ్లేది ఆంటీ. ముగ్గురు పిల్లలు, ఉన్నది ఒక్క ఇల్లు. దాన్ని నాలుగు వాటాలు చేయాలంటే ఇంకో దారేముంది? ‘‘పాత ఇంటి అందమే వేరు ఆంటీ’’ అన్నా. ‘‘నువ్వుండు బాబూ, నాకు లిఫ్టు కావాలి’’ అన్నారు.

నిజంగా దెబ్బ తగిలేది పక్క వీధి వాళ్లకి. ఇలాంటి పోర్షన్లలోనే ముగ్గురు నలుగురు కలిసి ఉండి గ్రూప్స్ చదువుకున్నారు. పొద్దున్నే సిటీ సెంట్రల్ లైబ్రరీలో సీటు కోసం పరిగెత్తేది వాళ్లే. 80 లక్షలు పెట్టిన నాలాంటోడు వాళ్లకి అద్దెకిస్తాడా? ‘బ్యాచిలర్లకు ఇవ్వబడదు’ అని బోర్డు పెడతాడు. నేనూ బ్యాచిలర్‌నే, ఆ బోర్డులు చూసి చూసి ఈ ఇంట్లో తేలినవాణ్నే. అయినా ఈఎంఐ 52 వేలు ఉన్నప్పుడు నేనేం చేస్తానో గట్టిగా చెప్పలేను.

శనివారం లోపు బిల్డర్‌కి మాట చెప్పాలి. మూడో అంతస్తు, ఈస్ట్ ఫేసింగ్. ఎక్సెల్ ఇంకా మూయలేదు. కింద నుంచి ఆంటీ కేకేస్తున్నారు, నల్లా వచ్చిందట, మోటరు వెయ్యాలి.